చచ్చి బ్రతికే యంత్రం

పని చెయ్యని యంత్రం ఒక రకం బాధ. పని చెయ్యబోయి, సగంలో చచ్చి, మళ్ళీ తనంతట తానే లేచి, మళ్ళీ చచ్చే యంత్రం ఇంకొక రకం బాధ. మొదటిదాన్ని చూస్తే ఆశ వదులుకోవచ్చు. రెండవది ఆశ వదులుకోనివ్వదు. మీట నొక్కగానే దీపం వెలుగుతుంది. లోపల ఫ్యాను తిరుగుతుంది. తెరమీద కంపెనీ బొమ్మ పడుతుంది. "హమ్మయ్య!" అనుకొనేలోపల అంతా చీకటి. రెండు క్షణాలు ఆగి మళ్ళీ దీపం, మళ్ళీ ఫ్యాను, మళ్ళీ బొమ్మ, మళ్ళీ చీకటి! విక్రమార్కుడు ఎన్నిసార్లు భుజాన వేసుకొన్నా బేతాళుడు తిరిగి చెట్టెక్కినట్టు, లాప్‌టాపు తిరిగి మొదటికే వస్తుంది.

ఇటువంటి బేతాళుల ముందు నేను పదిహేను సంవత్సరాలుగా కూర్చుంటున్నాను. నా బల్ల భద్రాచలంలో. సారపాకనుంచి గోదావరి వంతెన దాటితే మా ఊరు, మా ఊరు దాటితే అడవి. నా దగ్గరికి లాప్‌టాపులు దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం వైపునుంచీ, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపునుంచీ, అన్నం క్యారియరు పక్కన సంచిలో పడుకొని, బస్సెక్కి వస్తాయి. ఆశ్రమ పాఠశాల పంతుళ్ళవి కొన్ని, మీ-సేవ నడిపే కుర్రవాళ్ళవి కొన్ని, కాలేజీ పిల్లలవి కొన్ని. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు రేపటితో గడువు ముగుస్తుందనగా వచ్చేవే ఎక్కువ!

వచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న: "ఎంతవుతుందండీ?" నేను అడిగే మొదటి ప్రశ్న: "మీట నొక్కిన తర్వాత ఎంతసేపటికి చస్తోంది?"

చాలామంది నవ్వుతారు. ఎంతసేపటికైతేనేం, చావు చావే గదా అంటారు. కాదు. ఏజెన్సీలో చలిజ్వరాలు చూసిన పాతకాలపు డాక్టరు, "జ్వరం ఏ వేళకు వస్తోంది? రోజూనా, రోజు విడిచి రోజా?" అని ముందు అడిగేవాడు. జ్వరం వచ్చే వేళను బట్టే ఆయనకు సగం సంగతి తెలిసేది. ఇక్కడా అంతే. ఎప్పుడు చస్తోందో చూస్తే, ఎందుకు చస్తోందో సగం తెలుస్తుంది. ఇందుకు చదువు అక్కరలేదు, స్క్రూడ్రైవరు అక్కరలేదు. గోడమీది గడియారం చాలు.

నిద్ర లేచే వరుస

లాప్‌టాపు నిద్ర లేవడాన్ని బూట్ కావడమంటారు. తన బూట్లకున్న పట్టీలు తానే పట్టుకొని తన్ను తాను పైకి లేపుకోవడమనే ఇంగ్లీషు సామెతనుంచి వచ్చిన మాట అది. నిజంగానే ఆ పని అంత చిత్రమైనది. డిస్కులో వున్న విండోస్‌ను చదవాలంటే, చదవడం ఎట్లాగో చెప్పే ప్రోగ్రాము ముందు నడవాలి. దానిని నడిపించేదెవరు? అందుకని ఒక మెట్టుమీద నిలబడి ఇంకొక మెట్టు ఎక్కినట్టు యంత్రం లేస్తుంది.

మొదటి మెట్టు కరెంటు. గోడలోని 230 ఓల్టులను చార్జరు 19 లేక 20 ఓల్టులకు దించుతుంది. లోపలి బోర్డు దాన్ని మళ్ళీ చిన్న చిన్న పాళ్ళుగా పంచుతుంది. ప్రాసెసరుకు చేరేది ఇంచుమించు ఒక్క ఓల్టే. ఈ పాళ్ళలో ఏ ఒక్కటి తేడాగా వున్నా, బోర్డు వెంటనే అన్నీ ఆపేస్తుంది.

రెండవ మెట్టు బయాస్. బోర్డుమీది ఒక చిన్న చిప్పులో వుండే ప్రోగ్రాము ఇది. ఇది లేచి ర్యాము వున్నదా, కీబోర్డు వున్నదా, డిస్కు వున్నదా అని హాజరు పట్టీ చదువుతుంది. ర్యాము పలకకపోతే తెర కూడా వెలగదు.

మూడవ మెట్టు కంపెనీ బొమ్మ. హాజరు పూర్తయి, యంత్రం డిస్కు దగ్గరికి వెళ్ళే ఘట్టం ఇది. నాలుగవ మెట్టు చుక్కలు గుండ్రంగా తిరగడం. అంటే విండోస్ వచ్చి, తన పరివారాన్ని ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నదన్నమాట. అయిదవ మెట్టుమీద మీరు పాస్‌వర్డు కొట్టి లోపలికి పోతారు.

ప్రతి మెట్టు దగ్గరా ఒక కాపలావాడున్నాడు. ముందుకు పోతే ప్రమాదమని తోస్తే వాడు యంత్రాన్ని వెనక్కు తోస్తాడు. కనుక మాటిమాటికీ రీస్టార్టు కావడం యంత్రానికి పట్టిన పిచ్చి కాదు. అది తన్ను తాను కాపాడుకోవడం.

గడియారం చెప్పే జోస్యం

మీట నొక్కి అయిదారు సెకండ్లలో, బొమ్మ పడకుండానే చస్తున్నదా? కరెంటు గాని, ర్యాము గాని, బోర్డు గాని అయివుంటుంది. విండోస్‌కు ఇందులో ఏ పాపమూ లేదు. అది ఇంకా నిద్ర కూడా లేవలేదు. ఇటువంటప్పుడు ఎవరైనా "ఫార్మాటు కొడితే సరిపోతుంది" అంటే, లాప్‌టాపు సంచిలో పెట్టుకొని వచ్చెయ్యండి.

ముందు చార్జరు పీకి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, మీటను అరనిమిషం నొక్కి పట్టండి. లోపల మిగిలిపోయిన కరెంటు దిగిపోతుంది. తర్వాత చార్జరుతో మాత్రమే ఒకసారి, బ్యాటరీతో మాత్రమే ఒకసారి వేసి చూడండి. ఒకదానితో లేచి ఇంకొకదానితో లేవకపోతే దొంగ దొరికినట్టే. ముసలి బ్యాటరీ ఊరికే వున్నప్పుడు నిండుగానే కనిపిస్తుంది. బరువు పడగానే చతికిలపడుతుంది. అయితే ఒక్క మాట: బ్యాటరీ ఉబ్బి, కీబోర్డు పైకి లేచివుంటే దాన్ని నొక్కవద్దు, గుచ్చవద్దు, చార్జింగు పెట్టవద్దు. నిప్పు అంటుకోవచ్చు.

బొమ్మ పడి, అక్కడే ఆగి చస్తున్నదా? డిస్కును అనుమానించండి. తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తున్నదా? బోర్డుమీద రూపాయి బిళ్ళంత 3 ఓల్టుల బ్యాటరీ అయిపోయింది. దానితో బయాసులో పెట్టుకొన్న అమరికలు చెరిగి, డిస్కు వున్నా కనిపించనట్టు అవుతుంది. ఈ జబ్బుకు మందు కిరాణా కొట్టులో గడియారాల బ్యాటరీల పక్కన దొరికినా దొరుకుతుంది.

చుక్కలు తిరిగి, నీలి తెర మెరిసి చస్తున్నదా? విండోస్ గాని, దాని పరివారంలో ఎవరైనా గాని, లేదా డిస్కు గాని అయివుంటుంది. నీలి తెరమీద కారణం వ్రాసే వుంటుంది. చదివేలోపల రీస్టార్టు అవుతుంది, అదీ ఇబ్బంది. విండోస్ రెండు మూడుసార్లు లేవలేకపోతే తానే మరమ్మతు తెర చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ వరుసగా నొక్కుతూపోతే అంకెలతో ఒక జాబితా వస్తుంది. 9 నొక్కితే రీస్టార్టు కావడం మానేసి, నీలి తెర అట్లాగే నిలబడుతుంది. తీరికగా చదువుకోవచ్చు. 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే పరివారమంతా లేకుండా యజమాని ఒక్కడే లేవడం. అట్లా లేచిందంటే తప్పు పరివారంలో వున్నదన్నమాట. కొత్తగా వేసుకొన్నదేదో, కొత్తగా వచ్చిన అప్‌డేటు ఏదో తీసేసి చూడండి.

ఇక పావుగంటో అరగంటో హాయిగా నడిచి చస్తున్నదా? చాలా సందర్భాలలో అది వేడి. మే నెలలో కొత్తగూడెం, మణుగూరు వైపు ఎండ 45 డిగ్రీలు తాకడం మనకు వింత కాదు. ప్రాసెసరు నూరు డిగ్రీల సమీపానికి వస్తే ముందు నెమ్మదిస్తుంది, తర్వాత ఆరిపోతుంది. గదే 45 డిగ్రీలున్నప్పుడు ఆ నూరు ఎంతో దూరం కాదు. దానికి తోడు పరుపుమీద పెట్టి వాడితే గాలి పీల్చే రంధ్రాలు మూసుకొంటాయి.

మన గాలి, మన దుమ్ము

పుస్తకాలలో వ్రాసిన జబ్బులు వేరు, మన ప్రాంతపు జబ్బులు వేరు. ఇల్లెందు, మణుగూరు వైపునుంచి వచ్చిన లాప్‌టాపు మూత విప్పితే ఫ్యాను రెక్కల వెనుక కాటుక పెట్టినట్టు బొగ్గు నుసి. ఖమ్మం మిర్చి యార్డునుంచి వచ్చినదాన్ని విప్పేముందు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. లేకపోతే యంత్రంకంటె ముందు నేను రీస్టార్టు అవుతాను. బొగ్గయినా మిరపయినా, రాగి గొట్టం చివరి రెక్కలమధ్య చేరి, కంబళి కప్పినట్టు వేడిని బయటికి పోనివ్వదు. సన్నని బ్రష్షుతో దులిపి, ప్రాసెసరుమీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది రాస్తే, చచ్చిపోతున్నదనుకొన్నది ఇంకో రెండేళ్ళు నడుస్తుంది.

అడవి వైపునుంచి వచ్చే వాటిలో చెమ్మ, చీమలు. వానాకాలంలో చీమలకు పొడిగా, వెచ్చగా వుండే చోటు కావాలి. లాప్‌టాపుకంటె మంచి సత్రం వాటికెక్కడ దొరుకుతుంది? మట్టి తెచ్చి, గుడ్లు పెట్టి, కాపురం చేస్తాయి. ఇత్తడి చెంబుకు పట్టినట్టే లోపలి రాగికి చిలుము పడుతుంది.

ఇక కరెంటు. పాల్వంచలోనూ, మణుగూరు దగ్గర 1080 మెగావాట్ల భద్రాద్రి కేంద్రంలోనూ కరెంటు పుడుతున్నది. దేశానికి వెలుగు ఇచ్చే ఈ నేలమీదనే, అడవిలోంచి పోయే తీగమీద కొమ్మ విరిగిపడితే గూడెమంతా చీకటి. కరెంటు తిరిగి వచ్చేటప్పుడు మర్యాదగా రాదు, తోసుకొని వస్తుంది. పిడుగుల సంగతి చెప్పనక్కరలేదు. 2024 జూన్‌లో ఆ భద్రాద్రి కేంద్రపు ట్రాన్స్‌ఫార్మరుమీదనే పిడుగుపడి నిప్పంటుకొన్నది. మన చార్జరు ఎంత? ఉరుము వినగానే ప్లగ్గు పీకెయ్యడమే దాని కవచం.

వరదలో తడిసినవాటి సంగతీ చెప్పాలి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. నీరు తీసిన తర్వాత అందరూ చేసే పని ఒకటే: ఆరబెట్టి, "పనిచేస్తుందేమో" అని మీట నొక్కడం. చాలా లాప్‌టాపులను చంపేది నీరు కాదు, ఆ మీట. తడి వుండగా కరెంటు పారితే బోర్డు కాలుతుంది. బియ్యంలో పాతిపెట్టినా లోపలి బురద పోదు. విప్పి, కడిగి, ఆరబెట్టిన తర్వాతనే మీట.

మాస్టారి పాటలు

నిరుడు వానాకాలంలో చర్ల అవతల గూడెంనుంచి ఒక మాస్టారు వచ్చాడు. ఆయన కోయవాడు. కోయ భాష ద్రావిడ కుటుంబానిది, గోండీకి దగ్గరి చుట్టం. ఇక్కడ దాన్ని తెలుగు లిపిలోనే వ్రాస్తారు. బడిపిల్లలకోసమని ఆయన నాలుగైదేళ్ళుగా ముసలివాళ్ళ చేత పాటలు పాడించి, మాటలు చెప్పించి, లాప్‌టాపులో దాచుకొంటున్నాడు. వేరే చోట ఎక్కడా లేవు. అక్కడ పాటలు ఇంకొక చోటికి ఎక్కించేపాటి నెట్టు కూడా లేదు.

దారిలో ఒక కొట్టులో చూపించాడట. ఫార్మాటు చెయ్యాలన్నారట.

"అన్నా, మిషను పోతే పోయింది. లోపలి పాటలు మాత్రం పోవద్దు" అన్నాడు.

గడియారం చూచాము. నాలుగు సెకండ్లు. బొమ్మ లేదు. చార్జరు మార్చాను, అదే నాలుగు. బ్యాటరీ ఊడదీశాను, అదే నాలుగు. అడుగు మూత విప్పితే ర్యాము గూట్లో చీమల మట్టి. రెండు పలకలు తీసి, వాటి పసుపుపచ్చని అంచులను మెత్తటి రబ్బరుతో తుడిచి, గూటిని స్పిరిటుతో శుభ్రం చేసి, ఒక్కొక్కటే పెట్టి చూచాను. ఒకటి పలికింది. రెండవది పలకలేదు, దాన్ని పక్కన పెట్టాను. బొమ్మ పడింది! మాస్టారు లేచి నిలబడ్డాడు.

కాని చుక్కలు రెండు చుట్లు తిరిగి, నీలి తెర మెరిసి, మళ్ళీ చీకటి. ఒక జబ్బు వెనుక ఇంకొక జబ్బు దాక్కొన్నది. మొదటిది నాలుగు సెకండ్లది, రెండవది నలభై సెకండ్లది. 9 నొక్కి నీలి తెర నిలబెట్టి చదివాము. బూట్ కావలసిన డిస్కు అందడం లేదని వ్రాసివున్నది. చెవి దగ్గర పెట్టుకొని వింటే డిస్కు టిక్కుటిక్కుమంటున్నది. పళ్ళెంమీద తిరిగే ముల్లు దారి తప్పుతున్నదన్నమాట.

ఇటువంటప్పుడు చాలామంది మరమ్మతు ప్రోగ్రాములు నడుపుతారు. అవి డిస్కంతా తిరిగి తిరిగి వెతుకుతాయి. ఆయాసపడుతున్న ముసలివాడిని కొండ ఎక్కించినట్టు అవుతుంది. ముందు సామాను దించుకోవాలి, వైద్యం తర్వాత. నేను లినక్సు వున్న పెన్ డ్రైవు గుచ్చి, దానిమీదనుంచి యంత్రాన్ని లేపాను. అది లోపలి డిస్కుతో పని లేకుండా లేస్తుంది. అట్లా లేచి నిలకడగా నడిచిందంటే బోర్డూ ర్యామూ బాగున్నట్టే, తప్పు డిస్కుదే. పరీక్షకు పరీక్ష, సామాను దించుకోవడానికి దారి. వేరే డిస్కు తగిలించి, అన్నిటికంటె ముందు పాటలున్న ఫోల్డరు ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆరు గంటలు పట్టింది. మాస్టారు చివరి బస్సు పోనిచ్చి, బల్ల పక్కనే కూర్చున్నాడు. మూడు వందలకు పైగా ఫైళ్ళు వచ్చాయి. రెండు రాలేదు. ఆ రెంటి పేర్లు ఆయన చీటీమీద వ్రాసుకొన్నాడు. ఒక పాట పాడినావిడ ఊళ్ళోనే వున్నది, మళ్ళీ పాడిస్తానన్నాడు. రెండవ పేరు దగ్గర కలం ఆపి, "ఈ అవ్వ సంక్రాంతికి ముందు పోయింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

కొత్త డిస్కు వేసి, విండోస్ ఎక్కించి ఇచ్చాను. ఆ లాప్‌టాపు ఇప్పటికీ నడుస్తున్నది.

ఒక్క ఉదయం, 85 లక్షల బేతాళులు

ఈ జబ్బు మన అడవి అంచుకే పరిమితమని అనుకోకండి. 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ, కంప్యూటర్లకు కాపలాగా వుండే తన ప్రోగ్రాముకు ఒక చిన్న ఫైలు పంపింది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు పంపింది. తప్పు తెలిసి 10 గంటల 57 నిమిషాలకు సరిదిద్దింది. ఆ 78 నిమిషాలలో ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి, చచ్చి లేచి, లేచి చచ్చాయి. అట్లాంటివి ఇంచుమించు 85 లక్షలని మైక్రోసాఫ్టు లెక్కకట్టింది. విమానాలు ఆగాయి, ఆసుపత్రులలో పనులు ఆగాయి. శంషాబాదు విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడికి చేతితో వ్రాసి ఇచ్చిన బోర్డింగు పాసు ఫోటో ఆ రోజు దేశమంతా తిరిగింది. మైక్రోసాఫ్టుకు అధిపతి మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ గారే అయినా, ఆ రోజు తప్పు ఆ సంస్థది కాదు, కాపలావాడిది.

మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లో లేపి ఆ ఒక్క ఫైలు చెరిపెయ్యడమే. కాని నిద్ర లేవని యంత్రానికి దూరంనుంచి మందు వెయ్యడం కష్టం. చాలా చోట్ల ప్రతి యంత్రం ముందూ ఒక మనిషి కూర్చొని చెయ్యవలసి వచ్చింది. అందులోనూ చాలామందికి ఇంకొక గండం ఎదురైంది. డిస్కుకు బిట్‌లాకరు అనే తాళం వేసివున్న కంప్యూటర్లు 48 అంకెల తాళంచెవి చెప్పమన్నాయి. ఆ అంకెలు కొందరు ఆ చావబోయే కంప్యూటర్లలోనే దాచుకొన్నారు! ఇప్పటి కొత్త లాప్‌టాపులు చాలావాటికి ఈ తాళం మీకు తెలియకుండానే పడివుంటుంది. మీ మైక్రోసాఫ్టు ఖాతాలో ఆ అంకెలు చూచి, కాగితంమీద వ్రాసి, పెట్టెలో బట్టల అడుగున పెట్టండి.

మూడు హెచ్చరికలు

భద్రాచలంలో గోదావరికి మూడు హెచ్చరికలున్నాయి. నీరు 43 అడుగులకు వస్తే మొదటిది, 48కి రెండవది, 53కి మూడవది. మా ఊళ్ళో చిన్నపిల్లవాడిని అడిగినా ఈ అంకెలు చెబుతాడు. 1986 ఆగస్టులో నీరు 75 అడుగులు దాటిన సంగతి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకొంటారు. ఈ అంకెలు గోదావరిని ఆపడానికి కాదు, మనం కదలడానికి.

లాప్‌టాపుకూ మూడు హెచ్చరికలున్నాయి. ఫ్యాను రొద పెరగడం, ఫైలు తెరవడానికి ముందుకంటె ఆలస్యం కావడం, తేదీ తప్పడం మొదటి హెచ్చరిక. పని మధ్యలో ఒకసారి ఆరిపోయి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేవడం రెండవది. చచ్చి లేవడమే పనిగా పెట్టుకోవడం మూడవది. నా బల్లమీదికి వచ్చేవారిలో నూటికి తొంభైమంది మూడవ హెచ్చరిక తర్వాతనే వస్తారు. "అంతకు ముందు ఏమైనా తేడా చేసిందా?" అని అడిగితే, "రెండు నెలలనుంచీ ఆరిపోతూనే వున్నది గాని, మళ్ళీ లేస్తున్నది గదా అని..." అంటారు.

చార్జరు మార్చవచ్చు. ర్యాము మార్చవచ్చు. డిస్కు మార్చవచ్చు. చివరికి లాప్‌టాపే మార్చవచ్చు. కొట్టులో దొరకనిది అందులో మీరు దాచుకొన్నది ఒక్కటే. దానికి ఇంకొక ప్రతి పెన్ డ్రైవులో గాని, ఫోనులో గాని, చుట్టాల ఇంట్లో గాని ఈ వారమే పెట్టండి. గోదావరి గట్టున వుండేవాళ్ళకు ఇది వేరే చెప్పాలా? సామాను మెరక మీదికి చేర్చవలసింది మొదటి హెచ్చరికకే.